డాక్టర్లకు తెలుగు: కోర్సు రాయకముందు ఎవరిని, ఏం అడిగాం (నా అనుభవం)

తెలుగు మాతృభాష కాని పెద్దవాళ్లకు తెలుగు నేర్పడం నా పని. బదిలీ మీద వచ్చిన బ్యాంకు ఉద్యోగులు, రైల్వే వాళ్లు, పెళ్లి చేసుకుని ఇటు వచ్చిన వేరే రాష్ట్రాల అమ్మాయిలు, ఇన్నాళ్లూ నా దగ్గర నేర్చుకున్నది ఎక్కువగా వీళ్లే. ఆసుపత్రి నుంచి పిలుపు రావడం మాత్రం అదే మొదలు. ఉత్తరాంధ్రలోని ఒక ప్రభుత్వ బోధనాసుపత్రిలో జనరల్ మెడిసిన్ విభాగం వాళ్లు కబురు పెట్టారు. పీజీ చేస్తున్న డాక్టర్లలో చాలామందికి తెలుగు రాదు, వాళ్ల కోసం ఒక కోర్సు తయారు చేసి పెట్టగలరా అని.

ఈ పరిస్థితి ఎందుకొచ్చిందో రెండు మాటల్లో చెప్తాను. ప్రభుత్వ వైద్య కళాశాలల్లో ఎంబీబీఎస్ సీట్లలో 15 శాతం, పీజీ సీట్లలో 50 శాతం ఆలిండియా కోటా కింద భర్తీ అవుతాయి. కేరళ నుంచి, రాజస్థాన్ నుంచి, ఉత్తరప్రదేశ్ నుంచి, బెంగాల్ నుంచి వచ్చి చేరతారు. పీజీలో చేరినవాళ్లు ఇంచుమించు మొదటి రోజు నుంచే ఓపీలో కూర్చోవాలి. ఎంబీబీఎస్ పిల్లలకైతే 2019లో వచ్చిన పాఠ్య ప్రణాళికలో, చేరిన కొత్తలో నేర్పే ఫౌండేషన్ కోర్సు పెట్టారు, అప్పట్లో అందులో భాషకూ కంప్యూటర్‌కూ కలిపి 40 గంటలు కేటాయించారు. పీజీలకు మా దగ్గర అలాంటి ఏర్పాటు ఏదీ లేదు. పైగా వాళ్లు చదువు మధ్యలో మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో పనిచేసి తీరాలి. అక్కడ పక్కన నిలబడి చెప్పే స్నేహితులూ తక్కువే.

మొదటి మీటింగ్‌లో నా ముందు పెట్టిన ప్రతిపాదన ఇది: అక్షరమాలతో మొదలుపెట్టి, గుణింతాలు, చిన్న వాక్యాలు, కొంచెం వ్యాకరణం, రోజూ సాయంత్రం గంట చొప్పున రెండు నెలలు, చివర్లో ఒక పరీక్ష, సర్టిఫికెట్. వాళ్లు మనస్ఫూర్తిగానే చెప్పారు. మనమంతా భాష అంటే అలాగే నేర్చుకున్నాం కదా. కానీ ఆ పట్టికలో డాక్టరూ లేడు, రోగీ లేడు. ఏ బ్యాంకు మేనేజర్‌కైనా అదే సరిపోతుంది, అంటే ఎవరికీ సరిగ్గా సరిపోదు. అందుకే నేను పాఠాలు రాయడానికి ముందు కొన్ని వారాల గడువు అడిగాను. "కోర్సుకే టైమ్ లేదంటుంటే సర్వే ఏంటి మేడమ్" అన్నారు ఒకాయన. వార్డుల్లో తిరగనిస్తే చాలు, ఎవరి పనికీ అడ్డం రానని మాటిచ్చి ఒప్పించుకున్నాను. రోగులతో మాట్లాడేది కాబట్టి ఆసుపత్రి ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకున్నాం. ఓపీలో ఎవరి మాటా రికార్డు చేయకూడదని, పేర్లు రాసుకోకూడదని, అడిగి ఒప్పుకున్నవాళ్ల దగ్గరే కూర్చోవాలని ముందే నియమం పెట్టుకున్నాం.

భాషా కోర్సులు తయారుచేసేవాళ్లు దీన్ని అవసరాల విశ్లేషణ అంటారు. ఇదేదో పరాయి దేశాల పద్ధతి అనుకుంటారు గానీ దీని వేర్లు మన ఉపఖండంలోనే ఉన్నాయి. 1920ల్లో మైకేల్ వెస్ట్ అనే ఆయన అప్పటి ఉమ్మడి బెంగాల్‌లో ఇంగ్లిష్ చదువు గురించి పనిచేస్తూ, ఈ పిల్లలకు ఇంగ్లిష్ అసలు దేనికి కావాలి అని అడిగారు. అన్నిటికంటే ముందు చదివి అర్థం చేసుకోవడానికి కావాలని తేల్చి, పాఠాలు ఆ వైపు తిప్పాలన్నారు. తర్వాత 1978లో జాన్ మన్‌బీ నేర్చుకునేవాడు ఎవరితో, ఎక్కడ, ఏ మాధ్యమంలో, ఎంత స్థాయిలో మాట్లాడాలో నింపుకుంటూ పోయే పెద్ద నమూనా ఒకటి ఇచ్చారు. నాకు ఎక్కువగా ఉపయోగపడింది మాత్రం 1987లో హచిన్సన్, వాటర్స్ చేసిన విభజన: పనికి తప్పనిసరైనవి, నేర్చుకునేవాడికి ఇప్పుడున్న లోటు, అతను కోరుకునేవి. ఈ మూడూ ఒకటి కావు, ఒక్కోసారి ఒకదానితో ఒకటి తగవు పడతాయి. ఆ తగవు ఎక్కడుందో తెలిస్తే సగం కోర్సు తయారైనట్టే. ఆసుపత్రిలో ఈ మూడింటికీ ఇంకొకటి కలపాల్సి వచ్చింది. దాని గురించి కాసేపట్లో చెప్తాను.

ముందు పీజీలకు ఒక ప్రశ్నపత్రం ఇచ్చాం. చదవడం, రాయడం, మాట్లాడటం, వినడం, వ్యాకరణం... ఏది ఎంత ముఖ్యం అని. దాదాపు అందరూ అన్నిటికీ 'చాలా ముఖ్యం' అని టిక్ పెట్టారు. ఇలాంటి ప్రశ్నలకు ఎక్కడైనా వచ్చే జవాబు అదే. ఇరవై నాలుగు గంటల డ్యూటీ చేసి వచ్చిన మనిషి ముందు కాగితం పెడితే ఇంకేం చేస్తారు? దాంతో పాటే ఇంకో పని కూడా చేశాం. అరచేతిలో పట్టే చిన్న కార్డులు ప్రింట్ చేయించి, ఏప్రాన్ జేబులో పెట్టుకోమని అందరికీ ఇచ్చాం. తెలుగు రాక ఎవరినైనా సాయానికి పిలిచిన ప్రతిసారీ అందులో ఒక్క లైను రాయాలి: ఎక్కడ, ఎవరిని పిలిచారు, ఏం తేల్చుకోవడానికి పిలిచారు. ఇంగ్లిషులో రాసినా, హిందీలో రాసినా సరే.

ఆ కార్డులు నాకు బంగారం. ప్రశ్నపత్రంలో 'వ్యాకరణం చాలా ముఖ్యం' అని టిక్ పెట్టిన డాక్టరే కార్డులో ఏం రాశాడంటే: 'ఓపీ. సిస్టర్‌ను పిలిచాను. ప్రశ్న నేనే అడిగాను. పేషెంట్ చాలాసేపు జవాబు చెప్పింది. ఎప్పటి నుంచో అర్థం కాలేదు.' ఇంకో కార్డులో: 'రాత్రి, వార్డు. ఎఫ్ఎన్ఓను (వార్డు ఆయాను) పిలిచాను. పేషెంట్ ఏదో వద్దంటున్నాడు. ఏది వద్దంటున్నాడో తెలియలేదు.' వరుసగా చదువుకుంటూ పోతే ఒకే సంగతి మళ్లీ మళ్లీ కనిపించింది. ప్రశ్నలు అడగడం వాళ్లకు వచ్చేసింది. సీనియర్లు తరతరాలుగా అందిస్తూ వచ్చిన ఫొటోస్టాట్ కాగితం ఒకటి ఉంది, అందులో 'నొప్పి ఎక్కడ', 'జ్వరం ఎన్ని రోజులు' లాంటివన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటాయి. అది కంఠతా పట్టేశారు. వాళ్ల లోటంతా జవాబులోనే.

ఇది నిజమా కాదా అని తేల్చుకోవడానికి నేను ఓపీలో ఒక మూల కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ప్రభుత్వాసుపత్రి ఓపీ ఎలా ఉంటుందో చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఒక బల్ల, చుట్టూ ముగ్గురు నలుగురు డాక్టర్లు, ప్రతి డాక్టరు పక్కన ఒక స్టూలు, వెనక గుమ్మం దాకా క్యూ. పేషెంటు కూర్చోకముందే ఆ పేషెంటు తాలూకు మనిషి మాట్లాడటం మొదలుపెడతారు. పక్క స్టూలు మీద ఇంకో పేషెంటు తన సంగతి చెప్పుకుంటూ ఉంటారు. క్లాసు గదిలో నిశ్శబ్దంగా, ఒక్కో మాటా విడదీసి పలికే టీచర్ దగ్గర నేర్చుకున్న తెలుగు ఈ గోలలో నిలబడదు. అందుకే వినే పాఠాలన్నీ వెనక సందడి ఉంచే తయారు చేయాలని అక్కడే నోట్సులో రాసుకున్నాను.

జవాబులు ఎలా వస్తున్నాయో చూడండి. "ఎన్ని రోజుల నుంచి?" అంటే "మొన్న అమావాస్య కాణ్నుంచి బాబూ" అంటారు. "వరి కోతలప్పుడు మొదలైంది." "సంక్రాంతికి మా గుంటడు వచ్చినప్పుడు బాగానే ఉన్నాను." అంకెలు చెప్పినా "మూణ్ణెల్లు", "రెండ్రోజులు", "పదేన్రోజులు" అని కలిపేసి చెప్తారు. మూడు, నెలలు అని విడివిడిగా నేర్చుకున్నవాళ్ల చెవికి అది అందదు. పొద్దున్నకూ సాయంత్రానికీ బదులు "తెల్లారగట్ల", "పొద్దుగూకేసరికి" వస్తాయి. నొప్పి ఉందని ఊరికే చెప్పరు, పీకుతోందంటారు, సలుపుతోందంటారు, జివ్వుమంటోందంటారు, సూదులతో పొడిచినట్టుందంటారు. తల తిరగడం వేరు, కళ్లు బైర్లు కమ్మడం వేరు, మైకం వేరు. డాక్టరుకు ఈ తేడాలు కావాలి, ఎందుకంటే రోగం ఎటువైపు ఉందో ఆ తేడాల్లోనే తెలుస్తుంది. ఈ ప్రాంతంలో 'లేదు' అన్నది 'నేదు' అవుతుంది. "ఆకలేస్తన్నేదు, ఏటీ తినలేకపోతన్నాను" అని పెద్దావిడ అంటే రాజస్థాన్ డాక్టరుకు అందులో 'తిన' అన్న ముక్క ఒక్కటే వినిపిస్తుంది. తిన్నదో, తినలేదో, తినలేకపోతోందో పోల్చుకోలేడు.

ఈ క్రియల సంగతి నేను ఆసుపత్రికి వెళ్లకపోతే ఇంత ముఖ్యమని అనుకునేదాన్ని కాదు. తినలేదు, తినను, తినలేను, తినకూడదు: నాలుగూ ఒకే ధాతువు, వ్యతిరేకార్థం క్రియలోనే కలిసిపోయి ఉంటుంది. హిందీలో 'నహీఁ' విడిగా వినిపిస్తుంది కాబట్టి హిందీ వాళ్లు ఆ విడి మాట కోసం వెతుక్కుంటారు. పేషెంటు మందు వేసుకోలేదా, వేసుకోనంటున్నాడా, వేసుకుంటే వాంతవుతోంది కాబట్టి వేసుకోలేకపోతున్నాడా అన్న మూడు సంగతులకూ వైద్యం మూడు రకాలుగా ఉంటుంది. మామూలు కోర్సుల్లో ఈ రూపాలు చాలా తర్వాత, ఒక్కో పాఠంలో ఒక్కొక్కటిగా వస్తాయి. నేను వాటన్నిటినీ కలిపి మొదట్లోకి తెచ్చాను.

అలాగే 'అయితే, చేస్తే' రూపం. వేరే చోట్ల అది సగం కోర్సు దాటాక గానీ రాదు. ఓపీలో మాత్రం నిమిషానికోసారి కావాలి. "ఇక్కడ నొక్కితే నొప్పి ఉందా?" "మెట్లెక్కితే ఆయాసం వస్తోందా?" "వెల్లకిలా పడుకుంటే దగ్గు ఎక్కువవుతోందా?" గుండె గురించి, ఊపిరితిత్తుల గురించి డాక్టరు తెలుసుకోవాల్సిందంతా ఈ ఒక్క రూపం మీద నడుస్తోంది. దాని పక్కనే 'నట్టు': గుచ్చినట్టా, మండినట్టా, బరువు పెట్టినట్టా. వ్యాకరణంలో ఏది తేలిక, ఏది కష్టం అని చూసి పాఠాలు పేర్చే అలవాటును నేను పూర్తిగా పక్కన పెట్టాను. ఇలా పేరిస్తే మొదట్లో కష్టపడతారని తోటి ఉపాధ్యాయులు హెచ్చరించారు. కొంచెం కష్టపడ్డారు కూడా. కానీ పొద్దున నేర్చుకున్న రూపం పదింటికల్లా ఓపీలో పదిసార్లు వాడాల్సి వస్తే అది ఎందుకు రాదు?

పీజీల తర్వాత నేను ఎక్కువ సమయం గడిపింది స్టాఫ్ నర్సులతో. వాళ్ల డ్యూటీ పట్టికలో అనువాదం అనే పని ఎక్కడా ఉండదు, చేసేది మాత్రం రోజంతా. ఇంజెక్షన్ ఇస్తుంటే ఒక డాక్టరు, సెలైన్ మారుస్తుంటే ఇంకో డాక్టరు "సిస్టర్, ఒక్కసారి" అని పిలుస్తారు. ఒక హెడ్ సిస్టర్ చెప్పిన మాట ఇది: "పేషెంట్ అంతసేపు చెప్తుంది మేడమ్, నేను డాక్టర్ గారికి 'స్టమక్ పెయిన్, త్రీ డేస్' అని రెండు ముక్కలు చెప్పేస్తాను. నా పని నాకుంది. మధ్యలో ఏం పోయిందో నాకే తెలీదు." ఆవిడే ఇంకో సంగతి కూడా బయటపెట్టారు. డిశ్చార్జ్ చేసేటప్పుడు డాక్టరు మందులు ఎలా వేసుకోవాలో చెప్తారు, పేషెంటు "ఆఁ, ఆఁ" అని తలూపుతారు, ఏమీ అర్థం కాకపోయినా. డాక్టరు అటు వెళ్లగానే నర్సు దగ్గరకొచ్చి "ఏటి చెప్పారమ్మా?" అని అడుగుతారు. నర్సు దొరకకపోతే అలాగే ఇంటికెళ్లిపోతారు. పరగడుపున వేసుకోవాల్సింది తిన్నాక, పూటకొకటి వేసుకోవాల్సింది రోజుకొకటి.

ఇది విన్నాక కోర్సులో ఒక వాక్యం కేంద్రంలోకి వచ్చింది: "నేను చెప్పింది మీరొకసారి మళ్లీ చెప్పండి." వైద్యంలో ఈ పద్ధతి ఎప్పటి నుంచో ఉంది, తెలుగు రాని డాక్టరుకు అది రెండింతలు కావాలి. కాకపోతే ఆ వాక్యం పలకడం నేర్పితే చాలదు. పేషెంటు తిరిగి చెప్పింది సరిగ్గా ఉందో లేదో విని పట్టుకోగలగాలి. మళ్లీ వినడం దగ్గరికే వచ్చాం.

ఇక ఇందాక చెప్పిన నాలుగోది. నేర్చుకునేవాళ్లను అడుగుతాం, పని ఇచ్చినవాళ్లను అడుగుతాం, ఆ పనిలో అనుభవం ఉన్నవాళ్లను అడుగుతాం. ఆ భాష ఎవరితో మాట్లాడటానికి నేర్చుకుంటున్నారో వాళ్లను అడగడం చాలా అరుదు. బ్యాంకు వాళ్ల కోర్సుకు ఖాతాదారులను ఎవరూ అడగరు. ఇక్కడ నేను రోగులను అడగకుండా కోర్సు రాయనని పట్టుబట్టాను. మందుల కౌంటరు దగ్గర క్యూలో, చెట్టు కింద అన్నం క్యారేజీలు విప్పుకున్న చోట, పేషెంటు తాలూకు వాళ్ల దగ్గర కూర్చుని మాట్లాడాను. "డాక్టరు బాబుకి తెలుగు రాకపోతే మీకేటి ఇబ్బంది అవుతుంది?" ఇంతే ప్రశ్న.

వాళ్లు చెప్పినవాటిలో చాలా భాగం నేను ఊహించనివి. ఒకావిడ, అడిగిన తెలుగే అర్థం కాలేదంది. డాక్టరు ఫోన్‌లో చూసి 'మలవిసర్జన' అని అడిగారట. దొడ్డికి అనో, రెండుకి అనో, మోషన్ అనో అంటే ఆవిడకు తెలుసు. మన పుస్తకాల తెలుగు, ఫోన్ ఇచ్చే తెలుగు ఆ బల్ల దగ్గర ఏమాత్రం పనికిరావని అప్పుడు స్పష్టంగా తెలిసింది. ఇంకొంతమంది ఆడవాళ్లు గొంతు తగ్గించి చెప్పిన సంగతి ఇంకా బరువైంది. నెలసరి గురించో, తెల్లబట్ట గురించో డాక్టరమ్మ అడిగినప్పుడు మధ్యలో మాట అందించడానికి వార్డు బాయ్ వస్తే, "అలాంటిదేం లేదమ్మా" అనేసి ఊరుకుంటారట. సాయానికి ఎవరో ఒకరు ఉన్నారు కదా అని మనం అనుకుంటాం. ఆ సాయానికి వచ్చిన మనిషి వల్లే రోగం దాగిపోతోంది. ఆ కొన్ని ప్రశ్నలు, వాటి జవాబులు, ప్రతి పీజీ, ముఖ్యంగా అమ్మాయిలు, ఎవరి సాయమూ లేకుండా నడపగలగాలని అప్పుడే నిర్ణయించాను. కార్డుల్లో ఆ సందర్భం ఒక్కసారి కూడా కనిపించలేదు. కనిపించదు కూడా, ఎందుకంటే అక్కడ ఏదో పోయిందని డాక్టరుకు తెలియనే తెలియదు. ఒక్క కార్డుల మీదే ఆధారపడి ఉంటే ఈ పాఠం కోర్సులోకి వచ్చేదే కాదు.

మర్యాద గురించి కూడా అడగకుండానే చెప్పారు. కొందరు పీజీలు వార్డులో జనం ఒకరితో ఒకరు మాట్లాడుకునే తెలుగు విని నేర్చుకోవడం వల్ల, డెబ్బై ఏళ్ల ముసలాయనతో "పడుకో", "లే", "నోరు తెరువు" అంటున్నారు. "పాపం, రాక అంటన్నారు లెండి" అని రోగులే సర్దిచెప్పారు. అయినా ఆ మాట పక్కనున్న మనవడికి గుచ్చుకుంటుంది. అందుకని మేం 'అండి' లేని రూపాన్ని ఈ కోర్సులో అసలు నేర్పలేదు. పెద్దాయనా, అమ్మా, మామ్మా, తాతా, బాబూ అనే పిలుపులు మాత్రం మొదటి రోజే ఇచ్చేశాం. "తిన్నారా అమ్మా?" అన్న పలకరింపు కూడా రోగులు కోరి చేర్పించిందే. అది డాక్టరుకు రోగ నిర్ధారణలో పనికొస్తుందా అని విభాగం వాళ్లు అడిగారు. నా ఉద్దేశంలో బాగా పనికొస్తుంది, ఆ తర్వాతే కదా ఆవిడ అసలు సంగతి చెప్పడం మొదలుపెట్టేది.

ఆ పలకరింపుకు వచ్చే జవాబు అర్థం కావాలంటే తిండి పేర్లు తెలియాలి. బీపీ ఉన్నవాళ్లను "ఉప్పు తగ్గించండి" అంటే "ఉప్పు అసలు తిననండి" అంటారు. ఎండుచేపల పులుసు, ఆవకాయ ఉప్పులో లెక్కకు రావు వాళ్లకు. షుగర్ ఉన్నవాళ్లు అంబలి తాగుతామంటే, చద్దన్నం తింటామంటే, లక్నో నుంచి వచ్చిన డాక్టరుకు అదేమిటో తెలియాలి. దీని కోసం డైటీషియన్‌తో కూర్చుని ఇక్కడి రోజువారీ తిండి మీద ఒక పాఠం తయారుచేశాం, ఫొటోలతో సహా.

లోటు ఎంతుందో కొలవడానికి నర్సులు పేషెంట్లుగా నటించి తమ గొంతులతో కొన్ని రికార్డింగులు చేసిచ్చారు. పీజీలు విని, అర్థమైనంత ఇంగ్లిషులో కేస్ షీట్ రాసినట్టు రాశారు. నొప్పి ఎక్కడ అన్నది అందరూ పట్టుకున్నారు. ఎప్పటి నుంచి, ఎలా, దేనితో ఎక్కువవుతోంది, దేనితో తగ్గుతోంది అన్నవి చాలామంది వదిలేశారు. మలయాళీలు తక్కిన వాళ్లకంటే వేగంగా పుంజుకుంటారని ముందే అనుకున్నాను, అలాగే జరిగింది. అందరినీ ఒకే బ్యాచ్‌లో కూర్చోబెట్టాలన్న ఆలోచన అక్కడితో పోయింది.

అన్నీ చేతిలోకి వచ్చాక అసలైన పని, ఏది ఉంచాలి, ఏది వదిలేయాలి అన్నది. ఒక పెద్ద చార్టు మీద సందర్భాలన్నీ రాశాం. ప్రతిదానికీ రెండు ప్రశ్నలు: ఎంత తరచుగా వస్తుంది, అర్థం కాకపోతే ఎంత నష్టం. మందుల మోతాదు చెప్పడం రెండింటిలోనూ పైనుంది. ఆపరేషన్‌కు సమ్మతి పత్రం మీద సంతకం తీసుకోవడం మెడిసిన్ వాళ్లకు అంత తరచుగా రాదు గానీ, కడుపులో నీరు తీసేటప్పుడు, వెన్నులోంచి నీరు తీసేటప్పుడు అవసరమే. ఆ పత్రం తెలుగులో ఉంటుంది, కానీ డాక్టరు దాన్ని చదవక్కర్లేదు, నోటితో వివరించగలిగితే చాలు. కేస్ షీట్లు, ఓపీ చీటీలు, ల్యాబ్ రిపోర్టులు అన్నీ ఇంగ్లిషే. అంటే ఈ పనికి తెలుగు లిపితో అవసరమే లేదు. మొదటి ప్రతిపాదనలో సగానికి సగం ఆక్రమించిన అక్షరమాల అలా బయటికి పోయింది.

పోయింది గానీ పూర్తిగా పంపలేదు. పీజీల్లో కొందరికి బస్సు బోర్డులు, సినిమా పోస్టర్లు చదవాలని నిజమైన కోరిక ఉంది. కోరికలు పనికిరానివని కొట్టిపారేస్తే రెండో వారానికి క్లాసులో సగం కుర్చీలు ఖాళీ అవుతాయి. వాళ్ల కోసం వాట్సాప్‌లో రోజుకు రెండు అక్షరాలు పంపే ఏర్పాటు చేశాం, క్లాసు సమయాన్ని ముట్టుకోకుండా.

చార్టులో ఒక సందర్భం మీద చాలాసేపు వాదన జరిగింది. పరిస్థితి విషమించిందని, ఇక లాభం లేదని ఇంటివాళ్లకు చెప్పడం. అరుదుగా వస్తుంది, నష్టం మాత్రం అన్నిటికంటే ఎక్కువ. దానికీ ఒక పాఠం కావాలని విభాగం వాళ్లు అడిగారు. నేను ఒప్పుకోలేదు. ఇన్ని గంటల తెలుగుతో ఒక తల్లికి ఆ మాట చెప్పడానికి ఎవరినీ సిద్ధం చేయలేం, చేశామని చెప్పడం ఆ తల్లికి అన్యాయం. దాని బదులు పాఠంలో ఈ వాక్యం పెట్టాం: "ఒక్క నిమిషం కూర్చోండమ్మా, తెలుగు బాగా వచ్చిన డాక్టరుగారిని పిలుస్తాను, ఆయనతో పాటు నేనూ ఉంటాను." విభాగం తరఫున ఒక నియమం కూడా పెట్టించాం, అలాంటప్పుడు తెలుగు వచ్చిన సీనియర్ తప్పనిసరిగా రావాలని. కోర్సు ఎంతవరకు మోయగలదో, ఎక్కడ ఆగాలో కూడా ఈ విశ్లేషణే చెప్పాలి. నా వరకు ఈ మొత్తం పనిలో తీసుకున్న అతి ముఖ్యమైన నిర్ణయం ఇదే.

సమయం సంగతి త్వరగానే తేలింది. డ్యూటీ చార్టులు చూస్తే సాయంత్రం గంట అన్నది కాగితం మీదే సాధ్యం. రౌండ్స్ అయ్యాక, సెమినార్ రూములో, ఇరవై నిమిషాల పాఠాలుగా విడగొట్టాం. డ్యూటీలో ఉండి రాలేకపోయినవాళ్లు ఆడియో వింటారు. నేను వ్యాకరణం, కొత్త రూపాలు చెప్తాను, పేషెంటు వేషం సిస్టర్లు వేస్తారు. వాళ్ల తెలుగే పీజీలు వినాల్సిన తెలుగు, నాది కాదు. సిస్టర్ల శ్రమకు గౌరవ వేతనం ఇవ్వాలని అడిగాను, ఫైలు ఇంకా తిరుగుతూనే ఉంది. రాత్రింబవళ్లు డాక్టర్లకు గొంతు అరువిస్తున్నవాళ్లకు ఆ మాత్రం ఇవ్వడానికి ఇంత ఆలస్యం ఎందుకో నాకు అర్థం కాదు. వదిలిపెట్టను, అడుగుతూనే ఉంటాను.

కోర్సు మొదలయ్యాక కూడా కార్డులు ఆపలేదు. మొదట్లో 'ఎప్పటి నుంచో అర్థం కాలేదు' అని నిండిపోయిన చోట, తర్వాత తర్వాత వేరే రకం లైన్లు రావడం మొదలైంది: 'అర్థమైంది, కానీ ధైర్యం చెప్పడానికి మాటలు లేవు', 'ఇద్దరు కొడుకులు గొడవ పడుతున్నారు, ఎవరు ఏమంటున్నారో తెలియలేదు'. అవసరం తీరలేదు, ఒక మెట్టు పైకి జరిగింది. రెండో భాగం పాఠాలు అక్కడి నుంచి వచ్చాయి.

జిల్లా ఆసుపత్రికి వెళ్లిన ఒక పీజీ పార్వతీపురం వైపు నుంచి పంపిన కార్డులు మా అంచనాలనే కదిలించాయి. అక్కడికి వచ్చే రోగుల్లో సవర అనే గిరిజన భాష మాట్లాడేవాళ్లు ఉన్నారు. ముసలివాళ్లలో కొందరికి తెలుగు కూడా అంతంతమాత్రమే. డాక్టరుకు తెలుగు రెండో భాష, ఎదుటి మనిషికీ రెండో భాషే. అక్కడ చిన్న వాక్యాలు, చేతి సైగలు, మందు చూపించి చెప్పడం, ఆశ కార్యకర్తను ఎప్పుడు పిలవాలో తెలియడం, ఇవీ అసలు అవసరాలు. సవర తెలిసిన ఆరోగ్య కార్యకర్తలతో కూర్చుని కనీసం పలకరింపులు, నొప్పి, జ్వరం, నీళ్లు లాంటి మాటలతో ఒక చిన్న ఆడియో చేయించే ప్రయత్నంలో ఉన్నాం. అరకు, పాడేరు వైపు వెళ్లేవాళ్లకు కువి అనే ఇంకో గిరిజన భాష, ఒడియా సంగతి ఇంకా చూడాలి.

ఈ మధ్య పిల్లల విభాగం నుంచి ఫోన్ వచ్చింది. మెడిసిన్ వాళ్లకు చేసిన పుస్తకమే మాకూ ఇచ్చేయండి, ఈ నెలలోనే మొదలుపెట్టేస్తాం అన్నారు. అక్కడ జవాబు చెప్పేది రోగి కాదు, తల్లి. ఒక్కోసారి అమ్మమ్మ చెప్పేదొకటి, తల్లి చెప్పేదొకటి. పాలు పట్టడం, విరేచనాలు, టీకాల తేదీలు, బిడ్డను ఆడిస్తూ పరీక్ష చేయడం, అవన్నీ వేరే మాటలు, ఇక్కడ నేర్పకుండా వదిలేసిన 'అండి' లేని రూపాలతో సహా. పుస్తకం కాకుండా ముందు కార్డులు పంపాను. అవి నిండి తిరిగొచ్చాక, ఓపీ లేని రోజు చూసుకుని తల్లులతో కూర్చోవడానికి అనుమతి అడిగాను.